కాటా ఎక్కిన ఆస్ట్రేలియావోడు

మార్చి 9

డాకటరమ్మ రాయమన్నాది కాబట్టి రాస్తన్నాను. నేపోతే నాను కలం పట్టీ మనిషిని కాను. అయిదో తరగతి అవ్వగానే మా అయ్య చేతికి తెడ్డు ఇచ్చీసినాడు. ఈ డైరీ ఏదో రంగుల కంపెనీదంట, నా మనవరాలు శ్రావణి ఇశాపట్నం నుంచి తెచ్చినాది. రోజూ ఏటి తిన్నానో, బీపీ ఎంతుందో ఇందల రాయాలంట. సంద్రం మీదకి మాత్రం ఎల్లకూడదంట. కిందటి నెల పడవ మీంచి పడిపోనానని కళింగపట్నం అంతా సెప్పుకుంటన్నారు. పడలేదు. తల తిరిగితే నీళ్ళల్లోకి దిగినాను, అంతే.

తిన్నది: అన్నం, ఉప్పు నేని పప్పు. ఎండుసేప వాసన సూసినాను. రెండు ముక్కలు వాసన సూసినాను.

మార్చి 10

ఏటీ నేదు. రేవులో కూకున్నాను. అందరూ నన్ను దాటుకుని పనికి ఎల్లినారు.

మార్చి 12

శ్రావణి వచ్చినాది. కూడా ఒక ఆస్ట్రేలియావోడిని తెచ్చినాది. మెడ ఎక్కడ మొదలయ్యిందో తెలీదు, సెవులు నలిపీసిన అప్పడాల్లాగున్నాయి. పేరు బ్రోడీ అంట. నా నోటికి అది బోడి. తల మీద ఒక్క వెంట్రుక నేదు కాబట్టి నా తప్పు కాదు.

మా ఇంటిది తాతమ్మ నన్ను వంటింట్లోకి లాగి, ఈడు సేపలు తింటాడా, ఈడి అమ్మకి తెలుసా, పెళ్ళి అక్కడా ఇక్కడా అని ఒక్క గుక్కలో అడిగినాది. పెళ్ళాం కదా, భయపెట్టడం నా ధర్మం. మేలో ముహూర్తం అన్నాను. గరిటి కింద పడీసినాది.

శ్రావణి ఇశాపట్నంలో కీళ్ళూ కండలూ సరిసేసీ డాకటరు. ఈడి బుజం మా ఆడగుంట చేతిలో ఉన్నాదంట. ఈడు బోన్లో కొట్టుకునీ రకం. గుద్దొచ్చు, తన్నొచ్చు, పీక నొక్కొచ్చు, అన్నీ రూలు ప్రకారమే. ఇరవయ్యెనిమిదో తారీకున ఇశాపట్నంలో ఆరుబయట కుస్తీ. హోటల్లో ఏసీ కింద పడుకుంటే మన ఉక్కకి ఆగలేడని, ఇసకలో పరిగెట్టడానికి మా ఇంటికి తెచ్చినాది. తనకి డ్యూటీ ఉన్నాది కాబట్టి ఆదివారాలే వస్తాదంట. మిగతా రోజులు ఎవరు సూస్తారు అన్నాను.

"నువ్వే తాతా," అన్నాది. "బుజానికి రోజూ ఐసు పెట్టించు. తిండి నాను రాసిచ్చినదే పెట్టించు. బరువు రోజూ సూసి నాకు ఫోన్ చెయ్యి."

ఇన్నాళ్ళకి ఒకరు నాకు పని సెప్పినారు. బీపీ సూసుకోవడం మర్సిపోనాను.

మార్చి 13

బోడికి తెలుగు వచ్చీసినాది. ఒక్క మాటే. "సాలు." తాతమ్మ వడ్డిస్తంటే అదొక్కటీ నేర్చుకోకపోతే ఎవడూ బతకలేడు.

మార్చి 14

శ్రావణి పొద్దున్న ఎల్లిపోనాది. ఎల్లే ముందు ఆడి బుజం పిసుకుతా ఆడి కథ సెప్పినాది.

ఆడిది జెరాల్డ్‌టన్ అనీ ఊరు. అదీ రేవే. ఆడి అయ్య రాళ్ళ రొయ్యలు పడతాడంట, ఒక్కోటి మోచేతంత. ఈడు పందొమ్మిదో ఏట పడవ దిగి బోను ఎక్కినాడు. తొలి కుస్తీ సారా దుకాణం ఎనకాల హాల్లో. నెగ్గినాడు. అక్కడి నుంచి నెగ్గుతానే ఉన్నాడు. సిడ్నీలో కుస్తీల కంపెనీ వాళ్ళు పిలిసి టీవీలో ఏసినారు. అక్కడ ఎవడో బుజం పీకీసినాడు. కోసి కుట్టినారు. ఆ తరవాత మూడు ఆడి మూడూ ఓడిపోనాడు. కంపెనీ వొగ్గీసినాది. ఇప్పుడు ముప్పై మూడేళ్ళు. ఈ కుస్తీ నెగ్గితే సింగపూరు కంపెనీ ఒకటి ఏడాదికి రాయించుకుంటాదంట. ఓడితే మళ్ళీ అయ్య పడవ.

అయ్య పడవ అంత కానిదా అని అడగమన్నాను. ఆడు సెప్పినాడు. పడవ మంచిదే, అయ్య కూడా మంచోడే, గానీ రోజూ తెల్లారి 'నాను అప్పుడే సెప్పినాను కదా' అని మొదలెడతాడంట.

మా అయ్య గుర్తొచ్చినాడు. గుంటడు నెగ్గాల.

ఇంకో సంగతి. కుస్తీకి ముందు రోజు తూకం వేస్తారు. డెబ్బై కిలోలు. ఒక్క గ్రాము ఎక్కువున్నా బోన్లోకి రానివ్వరు. శ్రావణి అద్దం కాటా ఒకటి ఇచ్చినాది, కాలు పెడితే అంకెలు వెలుగుతాయి. ఈరోజు డెబ్బై ఏడు. బుధవారం ఇరవయ్యయిదుకి డెబ్బై రెండుకి దింపితే, మిగతా రెండూ ఆఖరి రోజుల్లో చెమటలో తీసీసుకుంటాడంట. సరే అన్నాను.

మార్చి 16

మా తమ్ముడి కొడుకు వెంకీ అలివి వల వేసినాడు. పడవ వలని సంద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రంలాగ పరిసి వస్తాది, ఒడ్డునున్న జనం రెండు పక్కలా తాడు పట్టి లాగుతారు. బోడి సూసి ఊరుకోలేక తాడు పట్టినాడు. ఆడు పట్టగానే అటుపక్కోళ్ళందరూ ముందుకి తూలినారు. వల వంకరగా వచ్చినాది. వెంకీ తిట్టినాడు, ఆడికి అర్థం కాక నవ్వినాడు, వెంకీకి తిట్టడం సప్పగా అయిపోనాది.

తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంటాది మా ఊళ్ళో. వద్దంటే వలని అవమానించినట్టే. బోడి రెండు చేతుల్లో కవ్వ సేపలు పట్టుకుని ఇంటికి వచ్చినాడు, బడిలో బహుమతి వచ్చిన గుంటడిలాగ. తాతమ్మ వాటిని ఉప్పూ నూనీ నేకుండా ఉడకబెట్టినాది. వాసన సూసి పిల్లి ఎల్లిపోనాది. ఆడు కళ్ళు మూసుకుని తినీసినాడు.

నానూ తాడు పట్టినాను. తాడు ఇసక మీద ఉన్నాది, సంద్రం మీద కాదు.

మార్చి 17

అద్దం కాటా దానంతట అదే పాడైపోనాది.

దానంతట అదే అంటే, వెంకీకి ఒక కోనం సేప పడితే, ఎంతుందో సూద్దామని దాని మీద పెట్టినాను. ఉప్పునీళ్ళు లోపలికి పోనాయి కాబోలు. చైనా సరుకు.

శ్రావణికి ఫోన్లో సెప్పలేదు. అంత దూరంలో ఉన్న గుంటని ఎందుకు కంగారు పెట్టడం.

మార్చి 18

నరసింగరావు దగ్గరికి తీసుకెళ్ళినాను. రేవులో సేపలు కొనీ సావుకారు ఆడే. పెద్ద ఇనప కాటా ఉన్నాది. బోడిని సేపల బుట్ట పక్కన నిలబెట్టి తూసినాను.

"కిలో ఎంతకిస్తావు మావా?" అన్నాడు నరసింగరావు.

"గుండు తీసీసి బేరం సెప్పు," అన్నాను.

డెబ్బై నాలుగు. నాలుగు రోజుల్లో మూడు కిలోలు. నా చేతి చలవ. బోడి ఆనందంతో నన్ను ఎత్తి గిరగిరా తిప్పినాడు. మళ్ళీ తల తిరిగినాది, గానీ ఇది వేరే తిరగడం. బాగా తగ్గినావు కదా అని సాయంత్రం ఇంకో గుడ్డు తినమన్నాను. తిన్నాడు.

మార్చి 20

పొద్దున్న ఇసకలో పరుగు, తరవాత వల, మధ్యాన్నం వెంకీ జట్టుతో కుస్తీ. నలుగురు కలిసి ఆడి మీద పడినారు. ఆడు ఒక్కొక్కడినీ పడుకోబెట్టి, లేపి, ఇసక దులిపి పంపినాడు. వెంకీ అయితే మళ్ళీ పడుకోబెట్టించుకోడానికి వరసలో నిలబడినాడు.

అందరూ నన్ను కోచ్ అంటన్నారు. నాను అనమన్నాను కాబట్టి.

మార్చి 22

ఆదివారం. శ్రావణి వచ్చినాది. అద్దం కాటా ఏదంటే ఛార్జింగులో పెట్టినాను అన్నాను. దానికి ఛార్జింగు ఉండదంట. సూసుకో మరి, ఎంత తెలివితక్కువ కాటా అన్నాను. అందరం నరసింగరావు దగ్గరికి ఎల్లినాం. డెబ్బై మూడు. ఆ గుంట బోడి ముకం వైపు సూసి, ముకం నిండుగానే ఉన్నాది కదా తాతా అన్నాది. మన ఊరి గాలి అన్నాను. అంకె మంచిదే కాబట్టి ఊరుకున్నాది.

మార్చి 25

ఈరోజు సంగతి రాయాలని నేదు. రాస్తాను.

పొద్దున్న కాటా ఎక్కించినాను, సరిగ్గా డెబ్బై రెండు. ఈల వేసుకుంటా ఇంటికి వచ్చినాను. తాతమ్మ సేపలు కడుగుతా, ఎంతున్నాడు అని తలెత్తకుండా అడిగినాది. డెబ్బై రెండు అన్నాను.

"నరసింగరావు కాటా మీదేనా? అయితే డెబ్బై నాలుగు," అన్నాది.

సెప్పి మళ్ళీ సేపలు కడుక్కుంటన్నాది. నాను గుమ్మంలో అలగే నిలబడిపోనాను.

ఆ కాటా రెండు కిలోలు మింగుతాదని కళింగపట్నంలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. వాళ్ళ అయ్య కాలం నుంచీ అంతే. మేం బుట్ట దించుతానే మనసులో రెండు కలుపుకుంటాం, ఎవడూ పైకి అనడు, అలవాటైపోనాది. సేపకి కలుపుతాం. మనిషికి కలపాలని నాకు తట్టలేదు. ఒక్క మనిషీ నాకు సెప్పలేదు. వెంకీ సెప్పలేదు. నరసింగరావు ఎలగూ సెప్పడు.

తప్పు అందరిదీ.

బోడి అరుగు మీద కూకుని, డెబ్బై రెండు వచ్చినాదని ఒక బత్తాయి వలుచుకుంటన్నాడు.

మార్చి 25, మళ్ళీ

సరే, తప్పు నాదే. శ్రావణికి ఫోన్ సేసి సెప్పినాను. సేప నుంచి మొదలెట్టి మొత్తం సెప్పినాను. మొత్తం ఇన్నాది. తరవాత, "ఫోన్ ఆడికివ్వండి దాలయ్యగారూ," అన్నాది.

దాలయ్యగారూ. నా మనవరాలు. మా సావుకార్లు కూడా నన్ను ఎప్పుడూ గారు అనలేదు.

బోడి ఫోన్లో అంతా ఇన్నాడు. బత్తాయి గట్టు మీద పెట్టినాడు. నా ముకం సూడలేదు. నడుసుకుంటా ఒడ్డు ఎంట పోనాడు, వంశధార సంద్రంలో కలిసీ వరకూ పోనాడు. నాను ఎనకాల ఎనకాల ఎల్లినాను. దగ్గరికి ఎల్లడానికి మొకం నేదు, వొగ్గీసి రావడానికి కాళ్ళు రావు. ఆడు నీళ్ళల్లో నిలబడి సంద్రం వైపు పెద్దగా ఒక అరుపు అరిసినాడు. కొంగలు ఎగిరిపోనాయి. తరవాత ఎనక్కి తిరిగి వచ్చి, నా బుజం మీద చెయ్యి వేసి, దూరంగా వల లాగుతున్నోళ్ళని సూపించినాడు. ఇంకో చేత్తో నెత్తి మీద సూర్యుడిని సూపించినాడు.

అర్థమైపోనాది. దానికి తెలుగెందుకు, ఇంగ్లీషెందుకు.

మార్చి 26

శ్రావణి సెలవు పెట్టి తెల్లారేసరికి వచ్చీసినాది. గారూ గారూ అంటానే ఉన్నాది.

మొదట నిజం బరువు తెలియాల. నరసింగరావు దగ్గరికి ఎల్లినాను. ఇన్నేళ్ళుగా ఎవరూ పైకి అనని మాట నాను ఆడి మొకం మీద అనాల.

"నరసింగరావూ, నీ కాటా దొంగది," అన్నాను.

నా కాటా ఏనాడూ అబద్దమాడలేదని ఆడు గుండె మీద చెయ్యేసుకున్నాడు. బోడి గుమ్మంలో నిలబడినాడు, ఎలుతురు మొత్తం ఆగిపోనాది. పాపం ఆడు ఆ అప్పడాల సెవులు గోక్కుంటన్నాడు. నరసింగరావు గుండె మీంచి చెయ్యి తీసి, కాటా కింద దూరి, ఏదో ఇనప ముక్క పీకి జేబులో వేసుకున్నాడు. ఈ ఒక్క రోజుకే మావా, ఈ గుంటడి కోసం, అన్నాడు.

డెబ్బై నాలుగున్నర.

ఈలోగా కాటా సరైపోనాదని రేవంతా తెలిసిపోనాది. తెలియపరిసింది నానే. మధ్యాన్నానికి బుట్టలు పట్టుకుని ఊరు ఊరంతా నరసింగరావు గుమ్మంలో వరస కట్టినారు. నిన్న దాసుకున్న సేపలు, ఎండుసేపలు, ఆఖరికి ఒకావిడ కోడిని కూడా తెచ్చినాది. నరసింగరావు మొకం సూడాల. బోడి తగ్గితే గానీ ఇనప ముక్క మళ్ళీ పెట్టడానికి నేదు, బోడేమో గంట గంటకీ వచ్చి తూగుతన్నాడు. బేగి తగ్గరా నాయనా, బేగి తగ్గు అని ఆ సావుకారు వేడుకుంటన్నాడు. ఆడి కోసం అంత మనస్పూర్తిగా దేవుడికి మొక్కినోడు ఇంకొకడు నేడు.

వెంకీ పడవ మీద కప్పీ టార్పాలిన్ కోసి, బోడికి చొక్కాలాగ కుట్టినాడు. అది తొడుక్కుని మిట్టమధ్యాన్నం ఎండలో తాడు పట్టినాడు. వల నిన్నే వేసీసినాం, ఈరోజు సేపలు నేవు. అయినా వేసినారు. ఉత్త వలని ఆడి కోసం లాగినారు, ఊరంతా. తాతమ్మ కూడా చీర బిగించి పట్టినాది. టార్పాలిన్ అంచుల్లోంచి చెమట కుళాయిలాగ కారినాది. శ్రావణి పక్కనే గొడుగు పట్టుకుని ఆడి నాడి సూస్తా, ఒకసారి ఆపీసి నీడలో పడుకోబెట్టి, మళ్ళీ లేపినాది. ఆడు నీళ్ళు అడగలేదు. నోట్లో పోసుకుని పుక్కిలించి ఊసీసినాడు. సూసిన మాకే దాహం వేసినాది.

పొద్దు వాలేసరికి డెబ్బై ఒకటి. ఆడు మనిషిలాగ నేడు. కళ్ళు లోపలికి పోనాయి. పొద్దున్నకి ఇంకో కిలో దానంతట అదే పోతాదంది శ్రావణి.

నాను సేసిందే ఇది.

మార్చి 27

కారులో ఇశాపట్నం. బోడి వెనక సీట్లో దుప్పటి కప్పుకుని, ఏసీ ఆపించి కూకున్నాడు. మేం కూడా ఉడికినాం.

పెద్ద హాలు, లైట్లు, కెమెరాలు. బోడితో కొట్టుకోబోయీ హర్యానా కుర్రోడు ముందు ఎక్కినాడు, సరిపోనాడు, కండలు సూపించి దిగినాడు. తరవాత మనోడు. డెబ్బై కిలోల నూరు గ్రాములు.

నూరు గ్రాములు. గుప్పెడు మెత్తళ్ళ సేపలు.

బట్టలు తీసీసి ఇంకోసారి ఎక్కొచ్చంట, అడ్డం గుడ్డ పట్టాలంట. వాళ్ళ గుడ్డ ఎవరు ఎక్కడ పెట్టినారో దొరకలేదు. అందరూ ఇటూ అటూ పరిగెడతన్నారు. నా బుజం మీద తువ్వాలు ఉన్నాది కదా. స్టేజీ ఎక్కీసినాను. ఒక పక్క నాను, ఒక పక్క శ్రావణి పట్టుకున్నాం. ఆ గుంట తల అటు తిప్పుకున్నాది. నానూ తిప్పుకున్నాను, గానీ కాటా వైపుకి. నా తువ్వాలు చిన్నది, బోడి పెద్దోడు. ఫొటోలోళ్ళకి పండగ.

డెబ్బై. ఒక్క సున్నా కూడా ఎక్కువ నేదు.

బోడి అలగే, తువ్వాల్లోనే, నన్ను కావిలించుకోబోనాడు. నాను తువ్వాలు వొగ్గలేను, పారిపోలేను. శ్రావణి నవ్వీసినాది. నవ్వుతా, "గట్టిగా పట్టుకో తాతా," అన్నాది.

తాతా అన్నాది.

మార్చి 28

కుస్తీ.

సూసినది సూసినట్టు రాయాలంటే ఎక్కువ సూడలేదు. ముందు అయిదు నిమిషాలు కళ్ళు మూసుకున్నాను. హర్యానా కుర్రోడు మనోడిని ఎత్తి పడీసినాడంట, పైన కూకుని గుద్దినాడంట. శ్రావణి సెప్పినాది. మనోడి కాళ్ళల్లో సత్తువ నేదంట. ఎందుకు నేదో ఎవరూ అనలేదు, అనక్కర్లేదు. రెండో అయిదు నిమిషాలూ అంతే. కన్ను మీద సిట్లినాది. బోను పక్కన కుర్సీల్లో సింగపూరు కంపెనీ ఆవిడ ఏదో రాసుకుంటన్నాది. ఆవిడ పెన్ను ఇరగ్గొట్టాలనిపించినాది.

మూడో అయిదు నిమిషాల్లో కళ్ళు తెరిసినాను. తెరవకపోతే మగోణ్ణి కాను అనుకున్నాను. హర్యానా కుర్రోడికి రొప్పు వచ్చినాది, మన ఇశాపట్నం ఉక్క ఆడికి కొత్త. మనోడు పదహారు రోజులు ఆ ఉక్కలో ఉడికినాడు. ఆ కుర్రోడు మళ్ళీ ఎత్తడానికి వంగినాడు. బోడి జారి ఆడి ఎనక్కి ఎల్లిపోనాడు, ఎలగ ఎల్లినాడో తెలీదు, తడిసిన సేప ఎల్లినట్టు ఎల్లినాడు. చెయ్యి ఆడి గెడ్డం కింద పడినాది. తాడు లాగినట్టు ఎనక్కి లాగినాడు. కుట్టిన బుజమే అది. శ్రావణి నా చెయ్యి పిసికీసినాది, ఇప్పటికీ నొప్పి.

ఆ కుర్రోడు బోడి చేతి మీద తట్టినాడు. మెచ్చుకుంటన్నాడేమో అనుకున్నాను. కాదంట. వొగ్గీ అని అర్థమంట.

నెగ్గినాడు. నాను ఏడవలేదు. అక్కడ లైట్లు మరీ ఎక్కువ.

మార్చి 29

ఇశాపట్నంలో శ్రావణి అద్దెగది. తాతమ్మ తెల్లారి బస్సుకి వచ్చీసినాది, రెండు కేరేజీలు, ఒక తపేలా. కోనం పులుసు, రొయ్యల ఏపుడు, కోడిగుడ్డు, పెరుగు. అన్నిటిలోనూ ఉప్పు. బోడి నేల మీద మఠం వేసుకుని కూకున్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోనాది, మిగిలిన కంటితోనే తపేలా మొత్తం సూసీసినాడు. మొదలెట్టినాడు. నాను పక్కనే కూకుని, ఆడికి తోడుగా తిన్నాను. డాకటరమ్మా, ఇది రాయడం నేదు.

ఆడు మూడో వాయిలో ఉన్నప్పుడు సింగపూరు కంపెనీ ఆవిడ వచ్చినాది, చేతిలో కాయితాలు. బోడి కంగారుపడి లేవబోనాడు. తాతమ్మ ఆడి బుజం మీద చెయ్యి వేసి కూకోబెట్టీసినాది. ఇన్నాళ్ళు ఆగిన కంపెనీ ఏడు ముద్దలు ఆగలేదా అన్నాది. శ్రావణి దాన్ని ఇంగ్లీషులోకి ఎలగ తిప్పిందో గానీ, ఆవిడ చెప్పులు ఇప్పి లోపలికి వచ్చి నేల మీదే కూకున్నాది. తాతమ్మ ఆవిడకీ ఒక కంచం పెట్టీసినాది. ఆవిడ వద్దు వద్దంటా రెండు సార్లు పులుసు ఏయించుకున్నాది.

తిన్నాక కాయితం సదివినాది. ఏడాది కాదంట, రెండేళ్ళు. గానీ ఒక షరతు అన్నాది. బోడి ముద్ద నోటి దగ్గరే ఆపీసినాడు. తొలి రెండు రౌండ్లూ సూసినాను, నువ్వు డెబ్బైకి దిగితే బోన్లోకి వచ్చీది సగం మనిషే, ఈ ఒక్కసారీ బతికిపోనావు, ఇక దిగడానికి వీల్లేదు, అన్నాదంట ఆవిడ. మా కంపెనీలో నువ్వు డెబ్బై ఏడు కిలోల్లో ఆడాల.

శ్రావణి అది తెలుగులో సెప్పినాది. బోడి ఆ ఒక్క కంటితోటి నా వైపు సూసినాడు. నాను ఏటీ ఎరగనట్టు మజ్జిగ తాగుతన్నాను.

తాతమ్మ జీతం అడగలేదు, ఏ దేశమో అడగలేదు. "డెబ్బై ఏడా? ఇంకా ఏడు కిలోలున్నాది," అని ఆడి కంచం దగ్గరికి లాక్కుని తపేలా వంచీసినాది.

బోడి సాలు అనలేదు.